వంతెనకు చోటు చాలని సన్మానపత్రం

నా చిన్నప్పుడు మా ఊరికి ఒక మంత్రిగారు వస్తున్నారంటే, పది రోజుల ముందు నుంచే మా తాతయ్యకు అన్నం సయించలేదు. సన్మానపత్రం రాసే పని ఊరంతా కలిసి ఆయన నెత్తిన పెట్టింది మరి. ఆ మంత్రిగారి పేరు మీదే ఇప్పుడు రాజాంలో ఒక ఫౌండేషన్ నడుస్తోంది. కొత్తగా గెలిచిన పంచాయతీ సభ్యులకు అక్కడ తరగతులు పెడతారు. బడిపంతులమ్మగా రిటైరయ్యాక నేను కూడా నెలకు రెండుసార్లు వెళ్ళి నాకు తెలిసింది చెప్పి వస్తుంటాను. జయంతి రోజున వక్తలు ఆయన్ని ఆకాశానికి ఎత్తేస్తుంటే నాకు లోలోపల నవ్వొస్తుంది. పొగిడితే ఆయన ఏం చేస్తారో పదేళ్ళ వయసులోనే కళ్ళారా చూశాను.

మాది బొబ్బిలి దగ్గర పల్లె. ఐదో తరగతి దాకా ఊళ్ళోనే బడి ఉండేది, ఆ పైన చదవాలంటే గెడ్డ, అంటే ఊరి పక్క వాగు, దాటి అవతలి ఊరు వెళ్ళాలి. ఎండాకాలం గెడ్డలో పాదం కూడా తడవదు. వానలు పట్టాయంటే మాత్రం మగవాళ్ళే నడుముకు తాడు కట్టుకుని దాటేవాళ్ళు. పక్కింటి అక్క అప్పుడు ఏడో తరగతి చదువుతోంది. వాళ్ళ అమ్మానాన్నా కూలికి వెళ్ళేవాళ్ళు, ఆదివారం బాప్టిస్టు చర్చికి వెళ్ళేవాళ్ళు. మిషన్ ఆసుపత్రిలో నర్సమ్మను చూసొచ్చిన నాటి నుంచీ అక్కకు తానూ నర్సు కావాలనే ధ్యాస. అంతకుముందు ఏడాది వానల్లో అక్క గెడ్డలో కొట్టుకుపోయి, తుమ్మకొమ్మ దొరకబట్టి బతికింది. ఈసారి వానలు మొదలవగానే బడి మాన్పించేస్తానని వాళ్ళ నాన్న తేల్చి చెప్పేశాడు. నాకు ఎక్కాలు నేర్పింది అక్కే, రోజూ జడ వేసేదీ అక్కే. మంత్రిగారు వస్తే వంతెన వస్తుందని, వంతెన వస్తే అక్క చదువు నిలుస్తుందని నేను గట్టిగా నమ్మాను.

తాతయ్య పత్రం చివర వంతెన కావాలని ఒక పేరా పొందిగ్గా రాశాడు. అయితే ఊళ్ళో ప్రతి పెద్దమనిషీ వచ్చి తన వంతుగా ఒక బిరుదు చేర్పించాడు. ఒకరు దీనబంధు అంటే ఇంకొకరు కరుణాసముద్ర అన్నారు. తీరా బొబ్బిలి ప్రెస్సులో చుట్టూ పూలతీగ వేసి అచ్చు వేయబోతే చోటు చాలలేదు. ఏదో ఒకటి తీసేయాలన్నాడు ప్రెస్సాయన. బిరుదు తీస్తే దాన్ని ఇచ్చిన పెద్దమనిషికి కోపం వస్తుంది. పూలతీగ తీస్తే అందం పోతుంది. అంచేత వంతెన పేరా తీసేశారు. దాని సంగతి నోటితో చెప్పుకోవచ్చులే అనుకున్నారు. మా ఊరి తెలివితేటలు అలా ఉండేవి.

గొంతు బాగుంటుందని పత్రం చదివే పని నాకు అప్పగించారు. నేను వల్లె వేసింది తాతయ్య చేతిరాత కాగితం చూసి. అచ్చు కాగితం మంత్రిగారు వచ్చే రోజు ఉదయమే చేతికొచ్చింది. పందిట్లో బిరుదులన్నీ గడగడా చదివి చివరికొచ్చేసరికి 'ఇట్లు గ్రామస్థులు' అని ఉంది. వంతెన పేరా కోసం కాగితం వెనక్కి తిప్పి చూశాను. అందరూ చప్పట్లు కొట్టారు. పందిరి గుంజ పక్కన అక్క నావైపే చూస్తోంది. నోటితో చెబుతామన్న పెద్దలేమో చేతులు కట్టుకుని నిలబడిపోయారు.

మంత్రిగారు కాగితం అందుకుని ఒకసారి పైనుంచి కిందికి చూశారు. తరువాత నాకు వినపడేంత మెల్లగా అడిగారు. "బాగా సదివినావమ్మా. ఇదంతా నా గురించే ఉన్నాది. మీ ఊరి గురించి ఏటీ నేదేటి?"

నేను గుంజ పక్కనున్న అక్కవైపు చూశాను. పక్కనున్న పెద్దమనిషి అందుకుని, తమ దయ వల్ల మాకేటీ లోటు నేదు బాబూ అన్నాడు. ఆయన్ని ఆగమన్నట్టు మంత్రిగారు చెయ్యెత్తారు. వచ్చి బల్ల అంచున నా ఎత్తుకు సరిపడేలా కూర్చున్నారు. తొందర పెట్టలేదు, మాట అందించలేదు, చూపు పక్కకు తిప్పలేదు. అంత పెద్దమనిషి నాకోసం అంతసేపు అలా కూర్చుంటారని నేను కలలో కూడా అనుకోలేదు. చివరికి నోరు పెగిలింది.

"గెడ్డకి వంతెన నేదు బాబూ. వానలొస్తే మా అక్కని బడి మాన్పించెస్తారంట."

భోజనాలు వడ్డించి ఉన్నాయని చెబుతున్నా వినకుండా ఆయన గెడ్డ దగ్గరికి నడిచారు. వెనకాల ఊరంతా నడిచింది. గట్టు మీద నిలబడి అక్క వాళ్ళ నాన్నతో, "వంతెన రేపే వచ్చీది కాదు, రెండేళ్ళు పడతాది. అందాక పిల్లని మాన్పించకుండా ఏటి సేద్దాం, మీరే సెప్పండి" అన్నారు. మళ్ళీ అలాగే ఊరుకున్నారు. కాసేపటికి తాతయ్య నేల చూపులు చూస్తూ, వానాకాలం నాలుగు నెలలూ మా అరుగు మీద నాను పాఠాలు సెప్తాను బాబూ అన్నాడు. అక్క వాళ్ళ నాన్న తలపాగా తీసి మొహం తుడుచుకుని సరేనన్నాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

ఇంటికొస్తూ తాతయ్య, "ఒసే, అంత కాయితంలో మనూరికి జాగా నేకపోనాదే" అని తనలో తనే నవ్వుకున్నాడు.

రెండు వానాకాలాలు గడిచాక వంతెన వచ్చింది. అక్క నర్సయింది, ఎన్నో కాన్పులు చేసింది. ఇప్పటికీ ఫోన్ చేసి, మోకాళ్ళ నొప్పికి మందు వేసుకోలేదని నన్ను తిడుతుంది.

మొన్న తరగతిలో భోగాపురం వైపు నుంచి వచ్చిన కొత్త వార్డు మెంబరు మాట్లాడటానికి లేచి బిగుసుకుపోయింది. పక్కనున్న ఫౌండేషన్ కుర్రాడు ఆమెకు మాట అందించబోతే నేను వద్దని సైగ చేశాను. ఆమె చీర కొంగు వేలికి చుట్టుకుంది, విప్పుకుంది, మళ్ళీ చుట్టుకుంది. అందరూ కుర్చీల్లో కదులుతున్నారు. నాకూ నాలుక దురద పెట్టింది గానీ పళ్ళు బిగించి కూర్చున్నాను. చాలాసేపటికి ఆమె తలెత్తి, "మా అంగన్వాడీకి తలుపు నేదండి, కుక్కలొచ్చి పిల్లల అన్నం తినెస్తన్నాయి" అంది. ఆ తరువాత ఆమెను ఆపడం ఎవరి తరమూ కాలేదు. ముప్పై ఏళ్ళు పిల్లల మీద అరిచిన నోటిని అలా మూసుకుని కూర్చోవడం తేలికేం కాదు. ఆ మంత్రిగారి దగ్గర నేను నేర్చుకున్నది అదొక్కటే, ఇప్పటికీ దాంతోనే నెట్టుకొస్తున్నాను.