గేటు పక్కన తంగేడు

తంగేడు ఆకు నలిగితే వచ్చే పచ్చి వాసన సబ్బుతో రెండుసార్లు కడిగినా నా వేళ్లను వదలడం లేదు. ఆ వాసనతో పాటే నలభై ఏళ్ల కిందటి ఒక మాట కూడా వస్తుంది. దాన్ని నేను మరిచిపోలేదు, మరిచిపోవాలని ప్రయత్నించనూ లేదు.

గోదావరిఖనిలో మా క్వార్టర్ వరుసలో చివరిది. గనిలో బొగ్గు మోసి అరిగిపోతే పారేసిన బెల్టు రబ్బరును కోసి బాపు కట్టిన దడి, మధ్యాహ్నం పేలుళ్లకు గజగజలాడే కిటికీలు, షిఫ్టు సైరన్, ఆరేసిన బట్టల మీదా, గిన్నెల మీదా, మందారాకుల మీదా ఒకేలా పడే నల్లటి పొడి, వీటన్నిటి మధ్య అవ్వ తంగేడు పెంచింది. ఊరి మెట్ట చెలక గట్టు నుంచి గింజలు కొంగున కట్టుకొచ్చి, గరుకు రాయి మీద ఒక్కొక్కటే రుద్ది, ఒక పూట నానబెట్టి, తొలకరికి నాటింది. "దీని తోలు గట్టిది పిల్లా. రుద్దకుంటే ఏడాదైనా లేవది" అనేది. మొదటి ఎండాకాలం వారానికి ఒక చెంబు నీళ్లు, ఆ తర్వాత అదీ లేదు. నాకది అన్యాయమనిపించేది. గనిలోంచి తోడిన నీళ్లు పైపులో ధారగా వస్తుంటే గులాబీలకు బకెట్లకొద్దీ పోసేవాళ్లం, దానికి మాత్రం ఏమీ లేదు.

చలికాలంలో కాలనీలో తోటల పోటీ జరిగేది. బాపు డ్యూటీ దిగి బూట్లయినా విప్పకుండా అంచు ఇటుకలకు సున్నం కొట్టేవాడు. అమ్మా నేనూ తడిగుడ్డతో ఒక్కో ఆకూ తుడిచేవాళ్లం, తుడిచిన చోటే సాయంత్రానికి మళ్లీ బొగ్గుపొడి. ఒక ఏడు తంగేడును అందరూ మెచ్చుకోవాలని నాకు పట్టుదల వచ్చింది. అవ్వ చూడకుండా పొద్దునొక బకెట్, సాయంత్రమొక బకెట్ నెలంతా పోశాను. ఆకులు పండిపోయాయి, మొగ్గలు రాలాయి. చాలడం లేదేమోనని ఇంకో బకెట్ పెంచాను.

పోటీ రోజు మార్కులు వెయ్యడానికి ఒక ఇంజనీరు గారి భార్య వచ్చింది, కోస్తా నుంచి వచ్చినావిడ. గులాబీల దగ్గర నవ్వి, తంగేడు దగ్గర ఆగి, "ఇంత చక్కటి తోటలో ఈ పిచ్చిమొక్కేంటండీ? పీకేయండి" అంది. పక్కింటి కాక దడి మీదుగా "ఏందన్నా, చెలకను ఇంటికే తెచ్చుకున్నవా?" అని నవ్వాడు. సాయంత్రం బాపు గొడ్డలి తీసి తంగేడును మొదలంటా నరికాడు.

నేను అన్నం ముట్టలేదు. అవ్వ మోడు పక్కన మట్టి గిల్లి, బురద వాసన చూసి, "గిన్ని నీళ్లు ఎవలు పోసిన్రు?" అంది. నేను చేతులు వెనక్కి పెట్టుకున్నాను. "నీళ్లు బంద్ జెయ్యి. ఫికర్ చెయ్యకు, వేరున్నది గదా" అంది.

ఆ ఎండాకాలం పంపు చెడి పైపు ఎండిపోయింది, గులాబీలు కట్టెలయ్యాయి. తొలివానకు మోడు చిగిర్చింది. బతుకమ్మ నాటికి గేటు పక్కంతా పసుపే. అప్పుడు వచ్చింది ఆవిడే, బుట్ట పట్టుకుని. "కాసిని పూలిస్తారా? మా పాప బతుకమ్మ పేరుస్తానంటోంది" అంది.

"పిచ్చిమొక్క పూలు మీకెందుకు?" అని గేటుకు అడ్డంగా నిలబడ్డాను.

ఆవిడ అర్థం కాక అవ్వ వైపు చూసింది. అన్న మాట ఆవిడకు గుర్తే లేదు. నన్ను అన్నిటికంటే ఎక్కువ మండించింది అదే. అవ్వ "జరుగు పిల్లా" అని నన్ను నెట్టేసి, కొమ్మ విరగకుండా రెండు వేళ్లతో పూలు తుంచి బుట్ట నింపింది. "దీని పేరు తంగేడమ్మా. మళ్లొస్తే పేరు పెట్టి అడుగు" అంది.

ఆ క్వార్టర్లు ఇప్పుడు లేవు. కూల్చేముందు మొక్కను తెచ్చుకుందామని మోకాలి లోతు తవ్వాను, వేరు తెగిందే కానీ పైకి రాలేదు. ఎండుకాయలు తెచ్చుకుని, అవ్వలాగే రుద్ది, ఈ ఇంటి గేటు పక్కన నాటాను. రబ్బరు దడి లేదు, పోటీలు లేవు, పండుగ పూలు రోడ్డు పక్కన కవర్లలో అమ్ముతున్నారు.

నిన్న ఎదురింటి అమ్మాయి బుట్టతో వచ్చింది. "ఆంటీ, గా ఎల్లో పూలు కొన్ని ఇస్తరా?"

"ముందు పేరు చెప్పు బిడ్డా."

ఫోన్ తీయబోయింది. "అందులో చూసి కాదు" అన్నాను. మొహం ముడుచుకుని, బుట్ట గేటుకే తగిలించి వెళ్లిపోయింది.

ఈ పొద్దున ఆ బుట్ట నేనే నింపాను, రెండు వేళ్లతో తుంచి. మధ్యాహ్నానికి వాడిపోతాయి. ఇప్పటికి మూడుసార్లు గేటు దాకా వెళ్లి వచ్చాను.