రేస్ ట్రాక్ మీద బర్రె

ఏ కారుకైనా బంపర్ ముందుంటుంది. మా నాన్న కారుకు మాత్రం ఒక ఆదివారమంతా వెనక సీట్లో ఉంది. దాన్ని అక్కడ పడుకోబెట్టిన మహానుభావురాలిని నేనే. ఆ ఘనకార్యం చెబుతాను. నవ్వుకోండి, కానీ మా ఆఫీసులో మాత్రం మళ్లీ గుర్తు చేయకండి.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. బేగంపేటలో ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో క్లెయిముల ఫోన్లు ఎత్తడం నా ఉద్యోగం. "రేసుల్లో, ట్రాక్ మీద నడిపితే మామూలు పాలసీ వర్తించదు సార్, చదువుకోవాలి కదా" అని రోజూ ఎవరో ఒకరికి పంతులమ్మలా చెప్పేదాన్ని. అలాంటి నేను, ఊరి బయట ట్రాక్ మీద ఎవరి కారు వాళ్లు తెచ్చి నడుపుకోవచ్చని వినగానే, నాన్నతో "ఫ్రెండ్ పెళ్లి" అని చెప్పి తాళాలు పట్టుకుపోయాను. రిటైరయ్యాక ఆయన కొనుక్కున్న మొదటి కారు అది. పొద్దున్నే దాన్ని తుడిచాకే చాయ్ తాగుతాడు. చెప్పేవి పాలసీ నీతులు, దూరేవి టైర్ల గోడలు.

నిజంగానే దూరాను. రెండో మలుపులో కారు నా మాట వినడం మానేసి, అత్తారింటికి పోతున్న కొత్త అల్లుడిలా తిన్నగా వెళ్లి ట్రాక్ అంచున పేర్చిన పాత టైర్ల గోడను కౌగిలించుకుంది. నాకు గోరు కూడా విరగలేదు. బంపర్ మాత్రం ఊడి చేతికొచ్చింది.

పద్మారావు నగర్ చేరి, కారును ఇంటి గోడకు ఆనించి పెట్టేసరికి నాన్న ఎదురొచ్చాడు.

"ఏమైంది బిడ్డా?"

"బర్రె అడ్డమొచ్చింది నాన్నా."

"అయ్యో. బర్రెకు ఏం గాలే గద?"

లేని బర్రె క్షేమం కూడా అడిగే మనిషి. నేను వద్దంటున్నా వినకుండా, "మరి ఇన్సూరెన్స్ ఎందుకున్నట్టు" అని ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. ఆ రోజు డ్యూటీలో ఉన్నది ఆఫీసులో నా పక్క సీటు షాహీన్. "నడిపినోళ్లకు ఇయ్యండి సార్" అంది. నేను ముక్కు మూసుకుని అందుకున్నాను.

"మేడం, బర్రె ఎటు నుంచి వచ్చింది?"

"ఎడమ నుంచి."

"ఎటు పోయింది?"

"ఇంటికి."

అవతల షాహీన్ గొంతు సవరించుకుంది. "సరే, నాలుగు దిక్కులా ఫొటోలు తీసి పంపుండ్రి" అంది.

నాన్న ఉత్సాహంగా కారును గోడ దగ్గర్నుంచి ముందుకు తీశాడు. అప్పుడు బయటపడింది, ట్రాక్ వాళ్లు అంటించగా నేను పీకడం మరిచిన స్టిక్కర్. గోడవైపు తలుపు మీద పళ్లెమంత అంకె, ఇరవై ఏడు.

"గీ నంబరేందే? పెండ్లికొచ్చిన కార్లకు నంబర్లు సుత ఏస్తుండ్రా?"

ట్రాక్ ఎక్కనేల, బర్రె మీదికి నెట్టనేల. ఉన్నదంతా కక్కేశాను. స్పీకర్లోంచి షాహీన్ మెల్లగా అంది: "ముక్కు ఇడువు సౌజన్యా, ఊపిరాడదు. నీ గొంతు నాకు తెల్వదా? నువ్వు రోజూ చెప్పే క్లాజు నీకే చదివి వినిపించాల్నా?"

నాన్న కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. ఆయన తిట్టినా బాగుండు అనిపించింది. చివరికి ఫోన్ మీదికి వంగాడు.

"అమ్మా, క్లెయిము వద్దు. బంపర్ మేమే ఏపించుకుంటం. గానీ జెర ఒక్క ముచ్చట చెప్పు. ట్రాక్ మీద నడిపేటోళ్లకు ఒక్క రోజు పాలసీ అసుంటిది వేరే ఉంటదా?"

"అడిగి చెప్తా అంకుల్. సౌజన్య మళ్ల పోతదా ఏంది?"

"అది పక్కన కూసుంటది. నడిపేది నేను."

కనుక పాఠకుల సాక్షిగా శపథం చేస్తున్నాను. ఏ పాలసీనైనా చివరి పేజీ చివరి అక్షరం దాకా చదవనిదే ట్రాక్ గడప తొక్కను. నాన్నకు అబద్ధం చెప్పను. ఆయన నడుపుతున్నప్పుడు కళ్లు మూసుకోను. మూడోది ఇంకా ప్రాక్టీసులో ఉంది.