ఏదీ పగలని గది

గంటమ్మ అసలు పేరేమిటో ప్యాకింగు గదిలో సగం మందికి తెలీదు. ఆ మాటకొస్తే ఎవరైనా అసలు పేరు పెట్టి పిలిస్తే, వెనకాల ఇంకెవరో ఉన్నారేమోనని ఆవిడే తిరిగి చూసేది. గొంతు అలాంటిది మరి. ఆవిడ ఇక్కడ దగ్గితే, ఆ చివర కొలిమి దగ్గరున్న మగాళ్ళు భోజనాల వేళయిందనుకుని చేతులు కడుక్కునేవాళ్ళని చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు.

అది గాజు గ్లాసులూ జాడీలూ చేసే ఫ్యాక్టరీ. కొలిమిలో పుట్టి, చల్లారి, చివరికి వచ్చేది ఈ గదికే. పొడవాటి బల్ల, దానికి రెండు వైపులా నిలబడ్డ ఆడవాళ్ళు, మధ్యలో గుట్టలా చిత్తుకాగితం. ఆ గుట్టలో చెయ్యి పెట్టి గుప్పెడు కాగితం లాగాలి, గ్లాసులో కుక్కాలి, చుట్టూ చుట్టాలి, అట్టపెట్టెలో పడుకోబెట్టాలి. చంటిపిల్లను పడుకోబెట్టినట్టే అనుకోండి. కాకపోతే ఇక్కడ జోలపాట ఉండదు, నడుంనొప్పి ఉంటుంది.

ఆ గదికి ఒక అలవాటు ఉండేది. ఎవరి చేతిలో గ్లాసు పగిలినా ఆ మనిషే గట్టిగా "నాదే" అనాలి. అన్న మరుక్షణం అందరి చేతులూ ఆగిపోవాలి. ముక్కలు ఏరి, తడిగుడ్డతో బల్ల తుడిచి, ఆ చుట్టుపక్కల కాగితమంతా ఎత్తి ఎర్ర డ్రమ్ములో పారేసేదాకా ఎవరూ గుట్టలో వేలు పెట్టకూడదు. ఈ నియమం ఎవరు పెట్టారో తెలీదు, ఏ గోడమీదా రాసి లేదు. పాతవాళ్ళు కొత్తవాళ్ళకి నేర్పుకుంటూ వచ్చారు. "నాదే" అన్నవాళ్ళకి తిట్లు ఉండవు, ఎగతాళి మాత్రం దండిగా ఉంటుంది. పొద్దున మొగుడితో పోట్లాట అయిందా అని ఒకరు, ఆ గ్లాసు నీకేం ద్రోహం చేసిందని ఇంకొకరు. గంటమ్మ వెళ్ళి బోర్డు మీద సుద్దముక్కతో ఒక గీత గీస్తుంది. నవ్వులు అయిపోతాయి, పని మొదలవుతుంది.

గంటమ్మ ఆ గదికి ఇంచార్జి. తాత్కాలిక ఇంచార్జి. ఆ 'తాత్కాలిక' అన్న ముక్క ఏళ్ళ తరబడి ఆవిడకి చెప్పులో రాయిలా గుచ్చుకుంటూనే ఉంది. ఇంచార్జి చాకిరీ అంతా ఆవిడదే, కానీ ఏ రోజైనా పైనుంచి ఎవడో ఒకడు వచ్చి తప్పుకోమంటే తప్పుకోవాల్సిందే. ఇంటాయనకి చూపు మందగించి డ్రైవింగు మానేశాక ఆ రాయి మరీ గుచ్చుకుంటోంది.

అదే బల్ల దగ్గర ఆవిడ తోడికోడలు కూడా పనిచేస్తుంది. ఒకటే ఇల్లు, ఒకటే వంటగది. ఒకటే బస్సులో పక్కపక్కనే కూర్చుని వచ్చేవాళ్ళు. తోడికోడళ్ళంటే ఎడమొహం పెడమొహం అనుకుంటాం కదా, వీళ్ళని చూసి జనం ముక్కున వేలేసుకునేవాళ్ళు. చిన్నావిడది నోరు కాదు, కత్తెర. గంటమ్మ గాలి తీసేయగలిగిన మనిషి ఆ ఫ్యాక్టరీ మొత్తానికి ఆవిడొక్కతే.

అలా ఉండగా కొత్త మేనేజరు వచ్చాడు. చెడ్డవాడు కాదు. ఇంచార్జిలందర్నీ కూర్చోబెట్టి, టీలు ఇప్పించి, పాఠం చెప్పాడు. లక్ష్యమంటే 'బాగా చేద్దాం' అనుకోవడం కాదన్నాడు. ఏం సాధించాలి, ఎంత, ఎప్పటిలోగా, సాధించామని ఎలా తెలుస్తుంది, ఇవన్నీ తేలాలన్నాడు. కొలవలేనిది లక్ష్యం కాదు, కోరిక అన్నాడు. జట్టుతో కలిసి కూర్చుని మాట్లాడి పెట్టుకోమని కూడా చెప్పాడు. పాఠంలో వంక పెట్టడానికేం లేదు. అయితే తరగతిలో ఎప్పుడూ ఉండేదే, ముందు వరసలో కూర్చున్నవాళ్ళకి మొదటి సగం వినగానే ఉత్సాహం పొంగుకొస్తుంది, రెండో సగం చెవికెక్కదు. గంటమ్మ ముందు వరసలో కూర్చుంది.

ఏం కొలవాలా అని పెద్దగా ఆలోచించలేదు. ఆ గదిలో అప్పటికే లెక్క ఉన్నది ఒక్కదానికే, బోర్డు మీది గీతలకి. చేతికి అందినదాన్నే కొలుద్దామనుకుంది. మూడు నెలల్లో పగిలేవాటిని సగానికి తెస్తానంది. సగం ఏం గొప్పండీ, పదో వంతుకి తెద్దామన్నాడు మేనేజరు. తెస్తే నిలబడి పనిచేసేవాళ్ళందరికీ వీపు ఆనే కుర్చీలు, ఆవిడ ఉద్యోగం ఖాయం. గంటమ్మ ఒప్పేసుకుంది.

గదిలో చెబితే కుర్చీలన్న మాటకే అందరి మొహాలూ చేటంతయ్యాయి. తోడికోడలు మాత్రం గ్లాసు చుడుతూ చుడుతూ అంది:

"అక్కా, గీసేది నువ్వు, గీయించేది మేం. మేం నోరు మూసుకున్నామనుకో, నీ సుద్దముక్క ఏం చేస్తుంది?"

అందరూ నవ్వారు. గంటమ్మ అందరికన్నా గట్టిగా నవ్వింది.

మొదటి నెల నిజంగానే బాగా జరిగింది. బల్లమీద పాత దుప్పటి పరిచారు, తడిచేతులతో గ్లాసు ముట్టుకోవద్దనుకున్నారు. గీతలు తగ్గాయి. తగ్గి, ఒకచోట ఆగాయి. గాజు గాజే కదా, దానికి కుర్చీల సంగతి ఏం తెలుసు. ఎంత జాగ్రత్తగా ఉన్నా రోజుకి కాసిన్ని పగలాల్సినవి పగులుతూనే ఉన్నాయి. మేనేజరు గదిలోకొచ్చి బోర్డు వంక చూసి, ఏమీ అనకుండా వెళ్ళేవాడు. ఆయన ఏమీ అనకపోవడం గంటమ్మకి నిద్ర పట్టనిచ్చేది కాదు.

ఒకరోజు బక్కపిల్ల అని పిలిచే కొత్తమ్మాయి చేతిలో పొద్దుట్నుంచీ వరసగా పగిలాయి. పాపం, పగిలినప్పుడల్లా "నాదే" అంది. మూడోసారికి ఎవరూ నవ్వలేదు. గంటమ్మ సుద్దముక్క పట్టుకుని, గదంతా మోగేలా అంది:

"అనమ్మా, ఇంకా గట్టిగా అను. నీ నోటి పుణ్యమా అని వీళ్ళందరూ ఇంకో పదేళ్ళు నిలబడే పనిచేస్తారు."

బక్కపిల్ల మొహం మాడిపోయింది. ఆ మధ్యాహ్నం దాని పక్కన కూర్చుని ఎవరూ అన్నం తినలేదు. తోడికోడలొక్కతే డబ్బా పట్టుకుని వెళ్ళి కూర్చుంది.

ఆ తర్వాత గీతలు గబగబా పడిపోయాయి. వారం తిరిగేసరికి బోర్డు శుభ్రంగా, ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది. మేనేజరు వచ్చి గంటమ్మకి చెయ్యి కలిపి వెళ్ళాడు. ఇంటికెళ్తూ బస్సులో గంటమ్మ తెగ మాట్లాడింది. మనుషులకి ఒక గురి అంటూ చూపిస్తే ఎంతైనా చేస్తారంది. తోడికోడలు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఏమయిందని అడిగితే తలనొప్పంది.

అలా రోజులు గడుస్తుండగా ఒక సాయంత్రం గంటమ్మకి చప్పుడు వినబడింది. టిక్కుమని, చిన్నది. ఇన్నేళ్ళుగా గాజు మధ్య బతుకుతున్న మనిషికి ఆ చప్పుడేమిటో ఒకరు చెప్పాలా? తల ఎత్తి చూసింది. బల్లకి రెండు వైపులా వంచిన తలలు వంచినట్టే ఉన్నాయి. చేతులు ఆడుతూనే ఉన్నాయి. ఎవరూ కిక్కురుమనలేదు. ఆవిడ చూపు ఎర్ర డ్రమ్ము మీదికి పోయింది. డ్రమ్ము అడుగున దుమ్ము తప్ప ఏమీ లేదు. మూడు నెలలు నిండటానికి ఇంకో వారమే ఉంది.

ఎవరిదే అది, అని ఒక్క కేక వేస్తే సరిపోయేది. గోడలు దద్దరిల్లే గొంతు ఆవిడది. గంటమ్మ తల దించుకుని పెట్టెల మీద చీటీలు అంటించుకుంది.

మర్నాడు పొద్దున్న తోడికోడలు గుట్టలో చెయ్యి పెట్టి కాగితం గట్టిగా లాగింది. అరవలేదు. చెయ్యి బయటికి తీసి, అదేదో ఇంకెవరిదో చెయ్యి అయినట్టు చూసింది. బొటనవేలి కింద మొదలై అరచెయ్యి అడ్డంగా తెగిపోయింది. కాగితం మీద ఎర్రగా పాకుతుంటే అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. బక్కపిల్ల తన భుజం మీది గుడ్డ లాగి చుట్టింది.

ఆసుపత్రికి గంటమ్మే తీసుకెళ్ళింది. కుట్లు వేసే డాక్టరమ్మ తల ఎత్తకుండా, ఎక్కడ తగిలింది దెబ్బ, పనిలోనా, ఇంట్లోనా అని అడిగింది. పనిలో అంటే కంపెనీకి కబురు వెళ్తుంది, తగ్గేదాకా సెలవూ జీతమూ కంపెనీయే చూసుకుంటుంది. విచారణకి మనుషులు వస్తారు, గుట్టంతా తిరగేస్తారు. ఇదంతా అక్కాచెల్లెళ్ళలాంటి ఆ ఇద్దరికీ తెలుసు. తోడికోడలు గంటమ్మ వంక చూసింది. ఇంచార్జి ఆవిడ కదా, చెప్పాల్సింది ఆవిడే అన్నట్టు చూసింది.

"ఇంట్లోనేనమ్మా," అంది గంటమ్మ. "పొద్దున గ్లాసు కడుగుతుంటే."

గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే డాక్టరమ్మ మళ్ళీ అడిగింది. గంటమ్మ మళ్ళీ చెప్పింది.

మూడు నెలలూ నిండాయి. మేనేజరు అందర్నీ నిలబెట్టి చప్పట్లు కొట్టించాడు. వీపు ఆనే కుర్చీలు వచ్చాయి, నీలం రంగువి, మెత్తగా ఉన్నాయి. గంటమ్మ ఉద్యోగం ముందున్న 'తాత్కాలిక' అన్న ముక్క ఊడిపోయింది. ఇంటాయన చేతికి కాగితం ఇస్తే, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదువుకున్నాడు.

తోడికోడలి చేతికి కుట్లు విప్పాక రెండు వేళ్ళు వంగలేదు. నరం తెగిందన్నారు. గ్లాసు పట్టుకోలేని మనిషి ప్యాకింగు గదిలో ఏం చేస్తుంది? ఇంట్లో తగిలిన దెబ్బ కాబట్టి కంపెనీకి సంబంధం లేదు. మర్యాదగానే పంపేశారు. ఇంట్లో పని ఎప్పటిలాగే పంచుకున్నారు, ఒంటిచేత్తో చేసేవి చిన్నావిడ, మిగతావి గంటమ్మ. అక్కా అన్న పిలుపు మాత్రం ఆ ఇంట్లో మళ్ళీ వినబడలేదు. ఇంచార్జిగారూ, ఉప్పు అందుకోండి. ఇంచార్జిగారూ, మీ బస్సుకి టైమయింది. కత్తెరలాంటి ఆ నోరు అంత మెత్తగా మాట్లాడుతుంటే గంటమ్మ అన్నం సగంలో వదిలేసి లేచేది.

ఒకరోజు తెగించి మేనేజరు దగ్గరికి వెళ్ళింది. ఆ సున్నా నిజం కాదు సార్, పగిలినవి చెప్పడం మానేశారు, అంతే, అని చెప్పింది. ఆ లెక్క పైకి వెళ్ళిపోయిందండీ, అన్నాడు ఆయన. వచ్చే మూడు నెలలకి ఆ సున్నా మీదే లక్ష్యం పెట్టారట, ఒక్కటి పగిలినా లోటు కిందే లెక్కట. కొత్తగా ఖాయమైనవారు, కంగారు పడకండి అన్నాడు. ఆవిడ మంచి కోరే అన్నాడు, అదీ నిజమే.

గదిలోకొచ్చి, ఇవాళ్టి నుంచి పగిలితే చెప్పండర్రా అంది. అందరూ సరే అన్నారు. కుర్చీల్లో వెనక్కి వాలి, మొహాలు చూసుకుని, ఆ రోజూ ఎవరూ ఏమీ చెప్పలేదు. నమ్మమంటే ఎలా నమ్ముతారు? బక్కపిల్లని ఎవరు ఏమన్నారో వాళ్ళు మర్చిపోలేదు.

పండు వెన్నెల్లాంటి కూతురు తోడికోడలికి. ఇంటరు అయ్యి ఇంట్లో ఉంది. ఒక ఆదివారం గంటమ్మ తింటుంటే చిన్నావిడ ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఇంచార్జిగారూ, మా అమ్మాయికి మీ గదిలో పని ఇప్పించండి."

"ఆ పని దానికెందుకే," అంది గంటమ్మ. "ఇంకేదైనా చూద్దాం."

"ఎందుకొద్దండీ? నా జీతం పోయిన చోట దాని జీతం రావాలి కదా. భయమేముంది? మీ గదిలో ఇప్పుడేదీ పగలదట."

ఆ మాట వెటకారంగా అనలేదు. అని ఉంటే బాగుండేది.

గంటమ్మ మర్నాడు మేనేజరుని చేతి తొడుగులు అడిగింది, అందరికీ దళసరివి కావాలంది. ఆయన కంప్యూటరులో వెతికి, దెబ్బలు తగిలినట్టు ఎక్కడా లేదే అన్నాడు. దెబ్బలే లేని గదికి తొడుగులు ఎందుకని పైవాళ్ళు అడుగుతారన్నాడు. అప్పుడైనా చెప్పొచ్చు. డాక్టరమ్మకి చెప్పింది అబద్ధమని ఒప్పుకుంటే ఉద్యోగం పోతుంది, ఇంట్లో చూపు సరిగ్గా ఆనని మనిషి ఉన్నాడు. గంటమ్మ సరే సార్ అని వచ్చేసింది.

పిల్ల పనిలో చేరింది. పెద్దమ్మా, పెద్దమ్మా అంటూ వెనకాలే తిరిగింది. గంటమ్మ దాన్ని బల్ల చివర కూర్చోబెట్టి, పక్కనే తను నిలబడింది. ఇంచార్జి బల్ల వదిలేసింది, చీటీలు వదిలేసింది. గుట్టలోంచి కాగితం తనే తీసి, వట్టి చేతులతో విప్పి, దులిపి, వేళ్ళతో తడిమి, అప్పుడు పిల్ల ముందు పెట్టేది. అటు ఇటు కూర్చున్నవాళ్ళు చూశారు.

మధ్యాహ్నం మేనేజరు కబురు పెట్టాడు. పక్క షెడ్డువాళ్ళకి కూడా ఇదే లక్ష్యం పెడుతున్నారు, మీరు ఎలా సాధించారో వచ్చి చెప్పాలన్నాడు. ఇప్పుడే వస్తాను, నేనొచ్చేదాకా దేంట్లోనూ చెయ్యి పెట్టకు అని పిల్లకి చెప్పింది. అది బుద్ధిగా తల ఊపింది. కొత్తగా చేరిన పిల్ల, పక్కవాళ్ళందరూ పని చేస్తుంటే ఎంతసేపని చేతులు కట్టుకుని కూర్చుంటుంది?

పక్క షెడ్డులో అందరూ వరసగా నిలబడ్డారు. కొత్తగా సుద్దతో గళ్ళు గీసిన బోర్డు ఒకటి తగిలించి ఉంది. మేనేజరు నవ్వుతూ, చెప్పండమ్మా అన్నాడు. గంటమ్మ నోరు తెరిచింది. చెవులు మాత్రం గోడకి అవతల, పిల్ల దగ్గరే ఉన్నాయి.

"అందరం జాగ్రత్తగా ఉన్నాం," అంది. "అంతే."

వెనక నిలబడ్డ ఒకామె, వినబడటం లేదు, కాస్త గట్టిగా చెప్పమంది. గంటమ్మ ఇంకో మాట మాట్లాడలేదు. గోడ అవతల్నుంచి ఏ చప్పుడూ రావడం లేదు.