లానావ్ అక్క పెట్టించిన పచ్చడి

ఆ రోజుల్లో నితాకత్ అన్న మాట వింటే చాలు, మా గుండెల్లో రాయి పడేది. పనిచేసే చోట సౌదీవాళ్ళు తక్కువగా ఉంటే ఆ సంస్థను ఎరుపులో పెట్టేవారు. ఎరుపులో పడితే మా ఇకామాలు, అంటే అక్కడ ఉండనిచ్చే పర్మిట్లు, రెన్యువల్ కావు, ఇకామా లేకపోతే ఉద్యోగం లేదు. సౌదీలో కొండల మీది ఊరు అభాలో నేను నర్సుగా చేరిన చిన్న క్లినిక్, నేను చేరిన కొన్నాళ్ళకే ఎరుపులో పడింది. (నా పాదం మహిమేనని మా అమ్మ ఫోనులో తేల్చేసింది.) అప్పటికి నాకు ధైర్యం బోలెడు, తెలివి మాత్రం ఇంకా దారిలో ఉంది.

నాతో డ్యూటీ చేసే ఫిలిప్పీన్స్ నర్సును నేను లానావ్ అక్క అని పిలిచేదాన్ని. అక్కడి మరనావ్ తెగ అమ్మాయి, ముస్లిం. ఫిలిప్పీన్స్ వాళ్ళంతా మాలాగే చర్చికి వెళ్తారనుకుని, మొదటి వారమే క్రిస్మస్ పాటలు నేర్పమని అడిగి నవ్వులపాలయ్యాను. వాళ్ళ ఊరు టుగాయా, లానావ్ సరస్సు ఒడ్డున ఒక మునిసిపాలిటీ. మాది కొల్లేటి లంకలో ఒట్టి పంచాయతీ. మునిసిపాలిటీ అనగానే బస్టాండూ, సినిమాహాళ్ళూ, చెత్త ట్రాక్టర్లూ ఊహించుకుని చిన్నబుచ్చుకున్నాను. తీరా ఫోటో చూపిస్తే ఒక మసీదు, నీటి అంచున కొన్ని ఇళ్ళు, అరుగు మీద ఇత్తడి పాత్రకు నగిషీ చెక్కుతున్న ముసలాయన. ఇంతేనా అని అడిగాను. ఇంతే, ఇంకేం కావాలంది. మా కొల్లేటికి గూడబాతులు వస్తాయని నేను గొప్పలు పోతే, మా సరస్సు ఎండాకాలంలో ఎండిపోదని నెమ్మదిగా నా నోరు మూయించేది. (ఇదంతా సగం ఇంగ్లీషు, సగం అరబ్బీలో. వ్యాకరణం ఇద్దరికీ సమానంగా లేదు.)

చివరికి మా వీసాలకు పూచీ ఉన్న యజమాని, కఫీల్, మమ్మల్ని పిలిచి, వేరే స్పాన్సర్‌ని వెతుక్కోండి, ట్రాన్స్‌ఫర్‌కి సంతకం పెడతానన్నాడు. ఇంటి దగ్గర నా చెల్లెలు నర్సింగ్ మొదటి సంవత్సరంలో ఉంది. నేను తిరిగి వెళ్తే దాని చదువు ఆగిపోతుంది. నా మొహం చూసి అక్క, ఊళ్ళో పెద్దాసుపత్రి మేట్రన్ వాళ్ళ టుగాయా ఆవిడేననీ, శుక్రవారం భోజనానికి వెళ్దామనీ అంది. వాళ్ళ కూరలు కారమని హెచ్చరించింది కూడా. మాది ఆంధ్రా, కారం మాకు ఉగ్గుతో పెడతారని చెప్పాను.

మేట్రన్ గారింట్లో కిందనే చాప వేసి వడ్డించారు. పసుపన్నం చూసి పులిహోర అనుకున్నాను. పక్కనే చిన్న గిన్నెలో తెల్లగా, ముద్దగా కొబ్బరి పచ్చడి. ప్రాణం లేచొచ్చి, మనింట్లోలాగే మొదటి ముద్దలోకి పెద్ద గరిటెడు వేసుకుని కలిపాను. అది పలాపా అట. ఉల్లికాడల తెల్లటి మొదళ్ళూ, అల్లం, చిట్టి మిరపకాయలూ కలిపి దంచింది. కూరలో ఒక చెంచా వేస్తే ఇంటిల్లిపాదికీ సరిపోతుంది. సరిగ్గా ముద్ద నోట్లో పెట్టుకున్నాక మేట్రన్ గారు ఇంటి దగ్గర ఎవరెవరున్నారని అడిగారు.

నోరు తెరిస్తే మంట, మూస్తే మంట. కళ్ళలోంచి ధారలు కట్టాయి. ఉమ్మేస్తే మర్యాద కాదు, మింగాను. అక్క నా వైపు చూసి, ముఖంలో ఏ భావమూ లేకుండా అంది:

"ఇంటి బెంగ మేడమ్. చెల్లెలు గుర్తొచ్చినట్టుంది."

మేట్రన్ గారు నా చెయ్యి పట్టుకున్నారు. తాను సరస్సు చూసి ఎన్నో ఏళ్ళయిందని చెబుతూ ఆవిడా ఏడ్చారు. ఆవిడ ఏడుపు చూసేసరికి నా చెల్లెలు నిజంగానే గుర్తొచ్చి, మిరపకాయ ఏడుపు ఎక్కడ ఆగిందో, అసలు ఏడుపు ఎక్కడ మొదలైందో నాకే తెలియలేదు. మేం వెళ్ళేటప్పుడు, సర్టిఫికెట్లు పట్టుకుని ఆసుపత్రికి రమ్మన్నారు.

టాక్సీలో గాల్లో తేలుతున్నాను. మనిద్దరం అక్కడా ఒకే షిఫ్టు వేయించుకుందామన్నాను. అక్క కిటికీలోంచి కొండల వైపు చూస్తూ ఉంది.

"నాకు ఖలాస్. మా ఆయనా నేనూ దేశం వదిలిపోవడానికి ఫైనల్ ఎగ్జిట్‌కి పెట్టేశాం. ఇక్కడున్న ముగ్గురు పిల్లలకి తలకింతని నెలనెలా సర్కారుకి లెవీ కట్టలేం. అక్కడున్నది ఒక్క ఖాళీనే, నీకు ఉంచమని మేట్రన్ గారికి ముందే చెప్పాను."

వెళ్ళిపోతున్నట్టు నాకెందుకు చెప్పలేదని గొడవ పెట్టుకున్నాను.

"చెబితే నువ్వు అన్నం తినేదానివి కాదు," అంది.

కొత్త ఉద్యోగంలో చేరిన రోజు మేట్రన్ గారు నన్ను పక్కకి పిలిచి, పలాపా కొత్తగా తిన్నవాళ్ళెవరైనా ఏడుస్తారు, నువ్వు కంచంలో మెతుకు మిగల్చలేదు, అది చూశానన్నారు. నేను మాత్రం ఇంటర్వ్యూలో బాగా మాట్లాడి నెగ్గానని చాలాకాలం అందరికీ చెప్పుకు తిరిగాను. ఆ చాప మీద ఒక్క మాటైనా మాట్లాడని అప్పటి ఆ పిల్లను (నన్నే) తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. దాని పక్కనే కూర్చుని, సొంత సామాను సర్దుకోవాల్సిన శుక్రవారం పూట, మంచినీళ్ళ గ్లాసు మెల్లగా దాని వైపు జరుపుతున్న అక్కను తలుచుకుంటే, ఆ నవ్వు కాసేపు ఆగుతుంది.