ఆదివారం బోల్టులు చూడ్డానికి వచ్చే మల్లేషన్న

నిన్న పొద్దున మల్లేషన్న నంబర్ నుంచే ఫోన్ వచ్చింది.

ఆదివారం కదా, బయల్దేరాడనుకుని టీకి పాలు పెడుతూనే ఎత్తాను.

వాళ్ళ తమ్ముడి గొంతు. "అన్న పోయిండు సార్" అన్నాడు.

తెల్లవారుజామున గుండెనొప్పి. దవాఖానకు తీసుకెళ్లేలోపే అయిపోయిందట.

ఇంకా నమ్మబుద్ధి కావట్లేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. మల్లేషన్నది మహబూబ్‌నగర్‌లో కార్ డెకార్ షాప్. నేను నల్గొండ నుంచి ట్రాన్స్‌ఫర్ మీద వచ్చిన కొత్తలో ఈ ఊళ్లో ఒక్క మనిషీ తెలియదు. కనీసం కారులో పాటలైనా గట్టిగా మోగాలని సబ్‌వూఫర్ పెట్టించుకోవడానికి ఆయన దగ్గరికి వెళ్లాను.

నన్ను స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి, తను డిక్కీలో దూరాడు. స్పీకర్‌ని సీటు వైపు తిప్పి ఎలా ఉందని అడిగాడు. బాగుందన్నాను. పక్కకు తిప్పాడు. బాగుందన్నాను. డిక్కీ డోర్ వైపు తిప్పాడు. అప్పుడూ అదే మాట.

దిగి నా దగ్గరికి వచ్చాడు.

"సార్, మొహమాటానికి చెప్పకు. నేను డిక్కీల ఉన్న. ముందట ఎట్ల ఇనిపిస్తుందో నువ్వు చెప్తెనే నాకు ఎరుకైతది."

ఈ ఊళ్లో నా మాటతో పనిపడ్డ మొదటి మనిషి ఆయనే. మళ్ళీ మొదటి నుంచి విన్నాను. డోర్ వైపు ఉన్నప్పుడే బేస్ బాగుందని ఈసారి నిజంగా చెప్పాను.

స్పీకర్ బాక్సును అలాగే పెట్టి, కింది రేకుకు క్లాంపులు, బోల్టులతో బిగించాడు. వదులుగా ఉంటే సడన్ బ్రేక్‌కి అంత బరువూ సీటు మీద పడుతుందట. రెండు చేతులతో పట్టి ఊపి చూశాడు. "బాక్సు ఊగొద్దు, కారు ఊగాలె" అన్నాడు. కారే ఊగింది.

నేను బయల్దేరేముందు, ఇల్లెక్కడ, ఇంట్లో ఎవరెవరుంటారని అడిగాడు. అడ్రస్ చెప్పి, నేనొక్కణ్ణే అన్నాను.

ఆ ఆదివారం నా గది ముందు బండి ఆపాడు. బోల్టులు లూజయ్యాయేమో చూడ్డానికి వచ్చానన్నాడు. చూశాడు, టీ తాగాడు, బోలెడు కబుర్లు చెప్పి పోయాడు. తర్వాతి ఆదివారం మళ్ళీ వచ్చాడు.

బోల్టులు వారం వారం లూజవ్వవని నాకు తెలుసు. నాకు తెలుసని ఆయనకూ తెలుసు. ఇన్నేళ్ళలో ఇద్దరం ఆ మాట ఎత్తలేదు.

నిన్న నారాయణపేట దగ్గర వాళ్ళ ఊరికి వెళ్లాను. ఇంటి నిండా చుట్టాలు. అన్నా అని ఒకరు, బావా అని ఒకరు, మామా అని ఒకరు, వరస పెట్టి పిలుస్తూ ఏడుస్తున్నారు.

నాకు ఏ వరసా లేదు. కారు దగ్గరే నిలబడ్డాను.

మల్లేషన్న వాళ్ళమ్మ నన్ను చూసి, మావోనికి ఏమైతవని అడిగింది. కస్టమర్ని అన్నాను.

"కస్టమర్ గింత దూరం వస్తడా బిడ్డా" అంది. చెయ్యి పట్టుకుని తన పక్కన కూర్చోబెట్టుకుంది.

అక్కడ ఏడ్చాను.

ఈ పాలమూరులో నాకు ఇక ఎవరూ లేరన్నా. పోయిరా. ఏ నొప్పీ లేని నిద్ర నీకు పట్టాలి.