ఇప్పపూల వేళ బడికి తాళం

మా గురువు సుభద్ర మేడమ్ ఉద్యోగ జీవితమంతా దేశదేశాల బళ్లను పోల్చి చూడటంలోనే గడిచింది. ఏ దేశంలో పిల్లల్ని ఎన్నో ఏట బళ్లో వేస్తారో, ఎక్కడ మధ్యాహ్నం అన్నం ఎవరు వడ్డిస్తారో యూనివర్సిటీలో మాకు కథల్లా చెప్పేవారు. రెండువేల దశకం మధ్యలో, ఆవిడ రిటైరయ్యే ఏడాది, భద్రాచలం అవతల అడవిలో ఉన్న ఓ చిన్న బడి మీద అధికారులు ఆవిడ అభిప్రాయం అడిగారు. వేసవి ముందు పిల్లలు రావడం లేదు కాబట్టి దాన్ని ఎత్తేసి, వాగు అవతలి ఊరి బడిలో కలిపేద్దామని వాళ్ల ఆలోచన. "చూడకుండా చెప్పను" అన్నారు మేడమ్. ఖమ్మంలో బీఎడ్ కాలేజీలో పాఠాలు చెప్పుకునే నన్ను తోడు రమ్మన్నారు. అన్ని విమానాలెక్కిన మనిషి ఎర్రబస్సులో కిటికీ పక్క సీటు కోసం నాతో పోటీపడ్డారు.

ఖమ్మంలో తెల్లవారుజామున మొదటి బస్సెక్కితే కొత్తగూడెం, పాల్వంచ మీదుగా సుమారు మూడు గంటల ప్రయాణం. టికెట్ అప్పట్లో అరవై రూపాయల లోపే. గోదావరి వంతెన దాటి, భద్రాచలం బస్టాండు దగ్గర వేడి ఇడ్లీ తిని, ఐదు వందలకు రోజంతా జీపు మాట్లాడుకున్నాం. డ్రైవర్ యాదగిరి మమ్మల్ని ఎగాదిగా చూశాడు.

"ఇప్పపూల దినాల్ల బడికి పోతున్నరా మేడమ్?"

"అవును బాబూ, ఏం?"

"ఏం లేదు. పోయినంక మీకే తెలుస్తది" అని నవ్వి ఊరుకున్నాడు.

అడవి దారిలో గంట ప్రయాణం. వెళ్లేసరికి బడికి తాళం. నాకు ఒళ్లు మండింది. ఇంకేముంది, అధికారుల మాటే నిజమనుకున్నాను. ఎదురింటి ముసలమ్మ మాత్రం తాపీగా చెప్పింది. "పిల్లలా? ఇప్పచెట్ల కాడ ఉన్నరు. పంతులమ్మ గూడ ఆడనే ఉంది."

ఇప్పపూలు తెల్లవారకముందే రాలతాయి. ఎండ ముదిరేలోగా ఏరి, ఆరబెట్టి సంతలో అమ్మితే ఆ కోయ ఇళ్లకు ఉప్పూ నూనే బట్టలూ వస్తాయి. పంతులమ్మ సమ్మక్క ఆ ఊరి పిల్లే. మేం చెట్ల దగ్గరికి వెళ్లేసరికి మమ్మల్ని చూసి కొంగుతో చేతులు తుడుచుకుంటూ పరుగున వచ్చింది.

"తాళం చూసి రాసేస్తరా మేడమ్? మధ్యాహ్నం నేను పిలిస్తే అందరు వస్తరు. సార్లేమో పొద్దుగాలనే వస్తరు చూడనీకి. వానాకాలం వాగు దాటి ఒక్కరు గూడ పోరు. బడి తీసేస్తే వీళ్ల సదువు గింతే."

మేడమ్ చీర ఎగదోపుకుని కూర్చుని, పక్కనున్న లచ్చి అనే పాప బుట్టలోకి పూలేరడం మొదలుపెట్టారు. లచ్చి కాసేపు మొహమాటపడి, చివరికి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఆ చెట్టు మాది కాదు. మా పెద్దమ్మోళ్లది."

అక్కడ ఒక్కో చెట్టూ ఒక్కో ఇంటిది. పెద్దమ్మవాళ్లు ఆ చుట్టుపక్కల లేకపోయినా లచ్చి మేడమ్ ఏరిన గుప్పెడు పూలు తీసి పెద్దమ్మవాళ్ల చెట్టు కింద పోసి వచ్చింది. మేడమ్ సిగ్గుపడ్డారు. ఆ సిగ్గులోనే ఎంత మురిసిపోయారో నేను చూశాను.

మధ్యాహ్నం తాళం తీశారు. పిల్లలు చేతులకు పూల వాసనతోనే వచ్చి కూర్చున్నారు. సమ్మక్క ముందు కోయభాషలో చెప్పి, తర్వాత తెలుగులో చెప్పింది. పాఠం అయ్యాక మేడమ్ తిరిగిన దేశాల గురించి నేను పిల్లలకు చెబితే, లచ్చి ఆవిడ దగ్గరికి జరిగింది.

"మీరు శానా దేశాలు పోయిన్రంట గదా. ఆడ పిల్లలు పూలేరుతరా?"

"పూలు కాదమ్మా. ఒక చలిదేశంలో ఆలుగడ్డలు తవ్వే రోజుల్లో బడికి సెలవిచ్చేవాళ్లు. దాని పేరే ఆలుగడ్డల సెలవు."

పిల్లలంతా నవ్వారు. లచ్చి నవ్వలేదు.

"మరి వాళ్ల బడి తీసేసిన్రా?"

మేడమ్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "లేదు తల్లీ. ఎవరూ తీసెయ్యలేదు."

తిరుగు ప్రయాణంలో బస్సు వంతెన మీదికి వచ్చాక, "ఇన్ని దేశాలు తిరిగింది ఆ పిల్లకు ఈ మాట చెప్పడానికే అనుకుంటాను" అన్నారు మేడమ్. అధికారులకు కూడా ఆలుగడ్డల సెలవు సంగతే చెప్పి, బడి ఎత్తెయ్యకుండా పూల రోజుల్లో వేళలు మార్చమన్నారు. నేను ఎన్నో ఊళ్లు చూశాను కానీ, నాకిష్టమైన మనిషి జీవితకాలపు పని ఒక చిన్నపిల్ల ముందు ఇలా ఉపయోగపడటం అక్కడే చూశాను. తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

అటు వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ఇప్పపూల కాలంలో ఆ బడి చూడాలంటే మధ్యాహ్నం వెళ్లండి. పొద్దున తాళం కనిపిస్తే కంగారుపడకండి, మేడమ్ మాట విని అధికారులు ఆ రోజుల్లో బడి వేళలు మధ్యాహ్నానికి మార్చారు.