రత్నమాణిక్యం కుంపటి మానేసిన సంగతి

తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టు వెనక వీధుల్లో ఏ ఇంట్లో పురుడొచ్చినా, చుట్టాలకంటే ముందు రత్నమాణిక్యానికి కబురు వెళ్లేది. పసిపిల్లలకి నీళ్లు పోయడం ఆవిడ పని. పీట మీద కూర్చుని, చాచిన కాళ్ల మీద బిడ్డను బోర్లా వేసుకుని, నూనె మర్దన చేసి, శనగపిండితో నలుగు పెట్టి, కంట్లో చుక్క పడకుండా చెయ్యి అడ్డం పెట్టి నీళ్లు పోస్తుంటే, గుక్కపెట్టిన బిడ్డ కూడా మధ్యలో కునుకు తీసేది. ఆఖర్న కుంపటి. నిప్పుల మీద సాంబ్రాణి చల్లి, పైన వెదురుబుట్ట బోర్లించి, ఆ పొగకి బిడ్డ తల ఆరబెట్టేది. ఆ వాసన వీధిలోకి వచ్చిందంటే చాలు, "మాణిక్యం వచ్చినట్టుంది, ఆ పిల్ల ఇక సాయంత్రందాకా లేవదు" అనుకునేవారు ఇరుగుపొరుగు.

ఆ పొగ ఆవిడకి తల్లి ఇచ్చిన విద్య. పుట్టిల్లు కొల్లేటి లంకలో. వానాకాలం వస్తే ఇంటి చుట్టూ నీళ్లే, గోడలకీ దుప్పట్లకీ చెమ్మే, దీపం పెట్టేసరికి దోమలు. పసిపిల్లలకి తల ఆరేది కాదు, రొంప వదిలేది కాదు. అందుకని తల్లి పడవలో కూడా కుంపటి పెట్టుకుని ఇంటింటికీ వెళ్లేది. పడవ గట్టు చేరకముందే పొగ చూసి బాలింతలు నీళ్లు కాగబెట్టుకునేవారు. పడవ కొసన కూర్చుని నిప్పు ఆరిపోకుండా విసనకర్రతో విసరడం చిన్నప్పటి మాణిక్యం వంతు. ఇప్పటికీ సాంబ్రాణి గుప్పుమంటే ఆవిడకి తల్లి తడి చీర చెంగు, బల్లకట్టు చప్పుడు, నీళ్ల మీద పాకే పొగ గుర్తుకొస్తాయి.

మొన్నటి వానాకాలంలో సీతాలక్ష్మిగారి మనవరాలు మేధకి జబ్బు చేసింది. సీతాలక్ష్మి కూతురు భాగ్యశ్రీకీ ఒకప్పుడు నీళ్లు పోసింది మాణిక్యమే, ఇప్పుడు భాగ్యశ్రీ బిడ్డకీ ఆవిడే. పిల్లకి గొంతులో పిల్లికూతలు, డొక్కలు ఎగరేయడం. ఏలూరు తీసుకెళ్లి ఆస్పత్రిలో పెట్టారు. ఆక్సిజన్ పెట్టి, ఆవిరిమందు పట్టి, తేరుకున్నాక ఇంటికి పంపారు. ఆ వెనకే గాయత్రి అనే నర్సు ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది.

"పిల్లల ఆయాసం మీద మా ఆస్పత్రిలో ఒక పరిశోధన జరుగుతోందండీ. ఇంట్లో పొగ ఏమైనా ఉంటుందా? కట్టెల పొయ్యి, దోమల చుట్ట, సాంబ్రాణి?"

"అబ్బే, మాకు ఆ అలవాటే లేదండీ," అంది సీతాలక్ష్మి. వెనక గదిలోంచి సాంబ్రాణి వాసన గుప్పున వచ్చింది.

గాయత్రి ముక్కు ఎగబీల్చింది. "మరి ఇదేంటండీ?"

"పక్కింట్లో పూజ."

వెనక గదిలో పీట మీద కూర్చుని ఇదంతా విన్న మాణిక్యం, ఆ అమ్మాయి వీధి మలుపు తిరగగానే ముందు గదిలోకొచ్చింది. "అదేంటండీ అమ్మగారూ, అంత అబద్ధం?"

"నీ కోసమే మొద్దూ! ఇవాళ పొగ మానమంటారు, రేపు నిన్నే మానమంటారు. నీళ్లు పోయడానికి ఎవరైనా పోస్తారే. ఈ పొగ కోసం కాదూ అందరూ నిన్ను పిలిచేది?"

మాణిక్యం తన చేతుల వంక చూసుకుంది. ఈ చేతులకి ఇంకో పని రాదు.

రెండోసారి వచ్చినప్పుడు గాయత్రి ఒక తెల్లటి పెట్టె తెచ్చి గూట్లో పెట్టింది. గాలిలో పొగ ఎంతుందో అంకె చూపిస్తుందట. మాణిక్యం ఊరుకునే మనిషా? దాని చుట్టూ తిరిగింది. "ఎందుకమ్మా ఇది? మాట్లాడుతుందా? కరెంటు తినేస్తుందా?"

గాయత్రి ఓపిగ్గా చెప్పింది. "జబ్బు తగ్గించి ఇంటికి పంపిన పిల్లలు కొంతమంది మళ్లీ అదే ఆయాసంతో వచ్చేస్తున్నారండీ. లోటు మా వైద్యంలో ఉందో, ఇంటి గాలిలో ఉందో తెలియాలి. తెలిస్తే ఇంటికి పంపే రోజే తల్లికి సరిగ్గా చెప్పి పంపొచ్చు. చిత్రం ఏంటంటే, ఈ వీధిలో ఏ ఇంట్లో అడిగినా పొగే లేదంటున్నారు. డాక్టరుగారు తల పట్టుకున్నారు."

మాణిక్యం చల్లారిన కుంపటిని కాలితో పీట చాటుకి జరిపింది.

మర్నాడు మేధకి నీళ్లు పోశాక కుంపటి రాజేసింది. పెట్టెలో అంకె గబగబా పెరిగి ఎర్రదీపం వెలిగింది. నిప్పులు తగ్గించింది, ఎరుపే. కిటికీలు బార్లా తీసింది, కాసేపటికి పచ్చ వచ్చింది. కుంపటి వరండాలోకి మార్చాక పచ్చ నిలకడగా ఉండిపోయింది.

"చూశారా అమ్మగారూ, దారి దొరికింది!" అంది సంబరంగా.

అంతలో ఆవిడకే ఏదో తోచింది. పెట్టె ఉన్నది గూట్లో. పిల్ల తల ఉండేది బుట్ట మీద. మేధని భాగ్యశ్రీ చేతికిచ్చి, పెట్టె తెచ్చి పిల్ల ముఖం ఆనే చోట పెట్టింది. దీపం ఎర్రబడింది, ఆపైన పెట్టె కూత పెట్టింది. కూత ఆగలేదు.

మాణిక్యం బుట్ట తీసేసి నిప్పుల మీద నీళ్లు చల్లింది. రొంప పట్టిందని ఇంకో పిడికెడు సాంబ్రాణి వేసిన రోజులు ఎన్నో గుర్తొచ్చాయి. లంకలో గాలికి ఊగే తడికల మధ్య పెట్టిన కుంపటిని, తను ఈ సిమెంటు గదుల్లోకి తెచ్చింది.

గాయత్రి వచ్చేసరికి గేటు దగ్గరే ఎదురెళ్లింది. "ఈ వీధిలో వాళ్లు చెప్పిందంతా కొట్టెయ్యమ్మా. అన్ని ఇళ్లలోనూ పొగ వేసేది నేనే. నా పని పోతుందని అలా చెప్పారు, చెడ్డవాళ్లు కాదు."

గాయత్రి ఆవిడ చెయ్యి పట్టుకుంది. "జబ్బంతా ఆ పొగ వల్లేనని ఇంకా ఎవరం చెప్పలేమండీ. అది తేల్చడానికే ఇదంతా. కానీ ఆయాసం వచ్చిన పిల్లకి మాత్రం ఇప్పుడే మానేయాలి."

"ఒక పిల్లకి మానేసి ఇంకో పిల్లకి ఎలా వేస్తానమ్మా?"

వీధి చివర పాండురంగారావుగారింట్లో కొత్తగా పురుడు. అక్కడ పెద్దావిడ ఖచ్చితంగా చెప్పేసింది. "పొగ లేకపోతే అదేం స్నానమే? అత్తిలి నుంచి ఇంకొకావిడని పిలిపించుకుంటాంలే." మాణిక్యం పీట గోడకి ఆనించి, "మీ ఇష్టమండీ. ఒక్కమాట, గది తలుపులు మాత్రం తీసి ఉంచండి," అని వచ్చేసింది. ఆ ఇల్లు పోయింది.

సీతాలక్ష్మిగారింటికి వెళ్లేటప్పుడు గేటు దగ్గర ఆగింది. ఇక్కడా అదే మాట అంటే? మేధకి ఎప్పటిలాగే నీళ్లు పోసి, నలిగిన పాత పంచెతో తల తుడిచి, పెరట్లో ఎండ పడే చోట కూర్చుని, వేళ్లతో జుట్టు పాయలు తీస్తూ ఆరబెట్టింది. పొగతో చిటికెలో అయ్యే పని చాలాసేపు పట్టింది. పిల్ల నిద్రపోలేదు, ఆవిడ ముక్కుపుడక పట్టుకోబోతూ కేరింతలు కొట్టింది.

సీతాలక్ష్మి గుమ్మంలో నిలబడి చూస్తూ పెద్దగా ఊపిరి వదిలింది. "ఎన్ని చెప్పు మాణిక్యం, ఆ వాసన లేకపోతే ఇంట్లో పసిపిల్ల ఉన్నట్టే లేదే. మా భాగ్యం పుట్టినప్పుడు నా చీరలన్నీ అదే వాసన."

"నాకూ అలాగే ఉందండీ. మా అమ్మ గుర్తొచ్చే వాసన అది," అంది మాణిక్యం, తల ఎత్తకుండా.

పిల్ల ఊపిరి పిల్లికూతల్లేకుండా తేలిగ్గా వస్తోంది. సీతాలక్ష్మి వంగి మనవరాలి తల తడిమి చూసింది.

"వెనక ఇంకా చెమ్మ ఉంది. రేపు కాస్త పెందలాడే రావే, నీరెండలో కూర్చోబెట్టి ఆరబెడుదువుగాని."